తడిది పూటకు, పొడిది దారికి

బాగేపల్లి

చిరంజీవి అల్లుడికి మీ మామ ఆశీర్వదించి రాసేది.

చింతామణి మండీ నుంచి టమాటా లోడుతో ఢిల్లీ లైనుకు ఎక్కుతున్నావని మీ అమ్మ చెప్పింది, సంతోషం. గేర్లు, బ్రేకులు, తాళ్లు బిగించడం నేర్పే ఉస్తాదులు నీకు దొరుకుతారు. తిండి సంగతి మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. లారీ పనిలో మనిషిని ముందుగా దెబ్బతీసేది కడుపే. అందుకే ఈ జాబు.

చేళూరు మీదుగా మన ఊరు చేరి, 44వ నంబరు హైవే పట్టి, కొడికొండ చెక్‌పోస్టు దాటితే ఆంధ్ర. అక్కణ్ణుంచి అనంతపురం, కర్నూలు, హైదరాబాదు, నాగపూర్, సాగర్, ఝాన్సీ, ఆగ్రా. మొత్తం రెండు వేల కిలోమీటర్లకు పైమాట. ఇంటి సద్ది అంత దూరం రాదు. కాబట్టి ఒక్క మాట గట్టిగా పట్టుకో: తడి తగిలిన వంట ఆ పూటకే, దారికి మూట కట్టాల్సింది పొడివి.

ఎందుకో చెప్తా విను. 5 డిగ్రీలకు పైన, 60 డిగ్రీలకు లోపల ఉన్న తిండిలో సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి. ఎండలో నిలిపిన కేబిన్ సరిగ్గా ఆ వేడిలోనే ఉంటుంది. వండిన వంట రెండు గంటలకు మించి బయట ఉంచొద్దంటారు. ఎండాకాలం ఒక గంటే అనుకో. అన్నంతో ఇంకా జాగ్రత్త. ఉడికినా చావని బీజాలు బియ్యంలో ఉంటాయి. అన్నం గోరువెచ్చగా నిలవుంటే అవి మొలకెత్తి విషం పుట్టిస్తాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. రాత్రి అన్నం పొద్దున తాలింపు వేస్తే బాగైపోతుందనే మాట నమ్మకు.

బయలుదేరే రోజు మీ అమ్మ పులిసన్నం కట్టిస్తుంది. చింతపండు పులుపు, నూనె దానికి కాపలా. పొద్దున కలిపింది మధ్యాహ్నానికి నిలుస్తుంది, రాత్రికి దాచకు. పెరుగన్నం కట్టించుకుంటే పాలు ఎక్కువ పోసి, పెరుగు ఒక చెంచాతో సరిపెట్టమను. మధ్యాహ్నానికి కమ్మగా తోడుకుంటుంది. ఆ పూటే తినేయాలి. అక్కడితో ఇంటి తడి వంట ముగిసినట్టే.

ఇక దారి మూట. మన చిక్కబళ్లాపురం సీమలో పుట్టినందుకు ఈ విషయంలో నువ్వు అదృష్టవంతుడివి. మన పెద్దలు రాగుల్ని పాతర్లలో పోసి ఏళ్ల తరబడి కాపాడుకున్నారు. రాగిలో కొవ్వు తక్కువ, అందుకే పిండి తొందరగా చేదెక్కదు. సజ్జ పిండి అట్లా కాదు, కొన్ని రోజులకే వాసన పడుతుంది. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. రోజంతా కుదుపుల్లో కూర్చునే వెన్నుకు అది కావాలి. ఎక్కడైనా స్టవ్ వెలిగిస్తే ముద్ద కెలుక్కో. నిప్పు దొరకని చోటికి రాగి పేలపిండి తీసుకెళ్లు, మన కన్నడ ఇరుగుపొరుగు హురిహిట్టు అంటారే, అదే. బెల్లం, నీళ్లు కలిపితే తిండి. మజ్జిగ, ఉప్పు కలిపితే ఎండకు విరుగుడు.

బొరుగులు ఒక సంచి పెట్టుకో. తడిపి పిండి, ఎర్రగడ్డ తరిగి, పప్పుల పొడి, కారం కలిపితే పొయ్యి లేకుండానే ఒక పూట గడుస్తుంది. ఊరుబిండికి చెనిక్కాయలు, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డలు బాగా వేయించి, చింతపండు, ఉప్పు వేసి పొడిగా దంచి ఇమ్మను. తినే ముందు కావలసినంత పొడికే నీళ్లు కలుపుకో. చెనిక్కాయలకు బూజు కనిపించినా, ముక్కిన వాసన వచ్చినా పారేయి. ఆ బూజు పుట్టించే అఫ్లాటాక్సిన్ కాలేయాన్ని తినేస్తుంది, వేయించినా పూర్తిగా పోదు. ఊరగాయలో తడి చెంచా ముంచకు. చింతపండు పులుసును అల్యూమినియం గిన్నెలో నిలవ పెట్టకు, స్టీలు వాడు.

డబ్బాలు మూత గట్టిగా పట్టేవి, స్టీలువి తీసుకో. సంచులైతే ఎలుకలు కొరుకుతాయి. డాష్‌బోర్డు మీద ఏదీ పెట్టకు, పడక కింద నీడలో పెట్టు. డీజిలు, గ్రీసు, పాత గుడ్డలు ఉన్న పెట్టెలో తిండి కలపకు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీలకు కేబిన్ ఏసీ తప్పనిసరి అయింది. నీ బండికి ఉన్నా, ఇంజిను ఆపితే ఏసీ ఆగుతుందని మరవకు. లోడులోని టమాటా మనది కాదు, చెయ్యి పెట్టొద్దు. కూరకు కావాలంటే కొనుక్కుని, మందు కొట్టిన పంట కాబట్టి బాగా కడిగి వాడు.

నీళ్ల సంగతి. మన బాగేపల్లి తాలూకాలో చాలాచోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లకు, ఎముకలకు చేటు. కాచితే ఫ్లోరైడు పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. ఊళ్లో ఫిల్టర్ నీళ్లే క్యాను నిండా పట్టుకుని బయలుదేరు. తెలియని ఊళ్లో ట్యాంకు నీళ్లు ముఖం కడుక్కోవడానికి మాత్రమే.

వంట ఎప్పుడూ కిందే. మూసిన కేబిన్‌లో స్టవ్ గానీ కుంపటి గానీ వెలిగించకు. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలికాలం ఝాన్సీ దాటాక కుంపటి పెట్టుకోవాలనిపిస్తుంది. దుప్పటి ఇంకొకటి కప్పుకో గానీ ఆ పని చేయకు. డీజిలు ట్యాంకుకు, పెట్రోలు బంకుకు దూరంగా, లారీలు ఆగే చోట ఆపి వండుకో. పని అయ్యాక సిలిండరు వాల్వు కట్టేసి, నిలువుగా కట్టి పెట్టు.

ధాబాలో తినాల్సి వస్తే లారీలు ఎక్కువ ఆగే చోట తిను. అక్కడ వంట నిలవ ఉండదు. తందూరు నుంచి దిగిన రొట్టె, పొగలు కక్కే పప్పు చాలు. కోసి పెట్టిన ముక్కలు, గిన్నెలో నిలిచిన చట్నీ వద్దు. కడుపు చెడితే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి కొలిచి కలిపి గుక్కగుక్కగా తాగు. జ్వరం వచ్చినా, రక్తం పడినా బండి ఆపి ఆస్పత్రికి పో. లోడు సంగతి తరువాత.

తినే వేళ కూడా తిండి అంత ముఖ్యం. పెద్ద భోజనం పగలు ఆగే చోట చెయ్యి, తరువాత కాసేపు పడుకో. రాత్రి తోలేముందు సగం కడుపుకే తిను. తెల్లవారుజామున కన్ను మూతలు పడేది నిండు కడుపుకే ఎక్కువ. ఆకలి చంపడానికి గుట్కా, టీ మీద టీ అలవాటు చేసుకోకు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం, అయిదుగురు, అంతకు మించి పనివాళ్లున్న సంస్థల్లో రోజుకు 8 గంటల పని అని, అయిదు గంటలు దాటకుండా కనీసం అరగంట విరామం ఇవ్వాలని, 2025లో రద్దయ్యేదాకా చెప్పింది. మండీకి ఆలస్యమవుతోందని యజమాని ఫోన్ చేసినా ఆ అరగంట వదులుకోకు.

చివరి మాట. క్లీనరు నీకంటే చిన్నోడు, అడగడానికి మొహమాట పడతాడు. నువ్వు తినేదే వాడికి పెట్టు, ఇద్దరూ ఒకేసారి కూర్చుని తినండి. ఈ జాబు కేబిన్‌లో పెట్టుకుని వాడికి కూడా చదివి వినిపించు. లోడు పూట ఆలస్యమైతే నష్టం డబ్బే. నీ కడుపు చెడితే నష్టం మనందరిదీ. వేళకు తిని, వేళకు పడుకుని, క్షేమంగా రా నాయనా.

ఇట్లు,
మీ మామ