దవడ జరిపే ముందు నిద్ర అడుగు

చిరంజీవి అమ్మడికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పీజీలో చేరిన మూడో నెలకే దవడ సరిచేసే ఆపరేషన్‌లో అసిస్ట్ చేశావంటే నాకెంత సంతోషంగా ఉందో! ముందుకు పొడుచుకొచ్చిన కింది దవడని 8 మిల్లీమీటర్లు వెనక్కి జరిపారనీ, పలువరసలు చక్కగా కలిశాయనీ, కొడుకు మొహం పక్కనుంచి చూసి వాళ్లమ్మ ఏడ్చేసిందనీ రాశావు. ఎక్స్‌రే మీద గీసిన గీతలు, కొలిచిన కోణాలు కూడా రాశావు. ఆ కుర్రాడు రాత్రిపూట ఎలా నిద్రపోతాడో మాత్రం ఒక్క ముక్క లేదు. నీ వయసులో నేనూ అడగలేదమ్మా. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

ముందు గొంతు సంగతి చూడు. ముక్కుకి చుట్టూ ఎముక ఉంది. శ్వాసనాళానికి మృదులాస్థి కట్లు ఉన్నాయి. ఆ రెంటికీ మధ్యనున్న దారి మాత్రం ఒట్టి కండతో చేసిన గొట్టం. అది తెరుచుకుని ఉండటానికి ఆధారం దవడలే. నాలుకని ముందుకు లాగే జీనియోగ్లాసస్ కండరం గడ్డం లోపలివైపు బొడిపెల్ని పట్టుకుని ఉంటుంది. హయాయిడ్ ఎముక కండరాల సాయంతో కింది దవడ నుంచి వేలాడుతుంది. మెత్తని అంగిలి పై దవడ వెనక అంచున వేలాడుతుంది. మెలకువలో ఈ కండరాలు దారికి కాపలా కాస్తాయి, నిద్రలో సడలిపోతాయి. వెల్లకిలా పడుకుంటే నాలుక బరువు కూడా వెనక్కి వాలుతుంది. ఇరుకైన చోట గాలి ఆ కండని అదిరిస్తే వచ్చే చప్పుడే గురక. దారి మూసుకుపోయి 10 సెకన్లో అంతకు మించో ఊపిరి ఆగితే ఆప్నియా. ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడుతుంది, ఉక్కిరిబిక్కిరిగా ఒక ఊపిరి తీసి మనిషి మళ్లీ నిద్రలోకి జారుకుంటాడు. తెల్లారాక అతనికేమీ గుర్తుండదు. ‘గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు’ అంటే హాయిగా పడుకున్నాడనే మనవాళ్లు అనుకుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నా గుండె కలుక్కుమంటుంది.

ఇలా ఊపిరి ఆగడం, సన్నగిల్లడం గంటకి ఎన్నిసార్లో చెప్పే లెక్క ఏహెచ్‌ఐ. పెద్దవాళ్లలో 5 లోపు మామూలు, 30కి చేరితే తీవ్రం.

పెళ్లింటి షామియానా మధ్యలో గుడ్డ జారితే ఏం చేస్తారు? గుంజని అవతలికి జరిపి తాడు బిగిస్తారు. రెండు దవడల్నీ ముందుకు జరిపినప్పుడు గొంతులో జరిగేది అదే. పై దవడతోపాటు అంగిలి, కింది దవడతోపాటు నాలుక, హయాయిడ్ ముందుకొస్తాయి. గొంతు పక్క గోడలు కూడా బిగుసుకుని, కూలిపోయే గుణం తగ్గుతుంది. నా మటుకు ఈ చివరిదే అసలు లాభం. దారి వెడల్పవడం ఒక్కటే అయితే ఇంత ఫలితం రాదు.

దీని వెనక చరిత్ర నాకు చాలా ఇష్టం. రెనే లెఫోర్ అనే ఫ్రెంచి వైద్యుడు శవాల పుర్రెల మీద దెబ్బలు కొట్టి, మొహం ఎముకలు ఏ గీతల వెంట విరుగుతాయో 1901లో చెప్పాడు. పై దవడని ఇవాళ మనం కోసేది ఆ మొదటి గీత వెంటే. కింది దవడని రెండు పొరలుగా చీల్చి జరిపే పద్ధతిని ఒబ్వెగెసర్ 1950ల్లో లోకానికిచ్చాడు. అవి నిద్ర కోసం పుట్టినవి కావు, పలువరస కోసం, మొహం కోసం పుట్టాయి. ఊపిరి సంగతి తర్వాత తెలిసింది. ఆప్నియాకైతే సాధారణంగా రెండు దవడల్నీ ఓ 10 మిల్లీమీటర్లు ముందుకు తెస్తారు. 45 అధ్యయనాల్లోని 500 మందికి పైగా రోగుల వివరాలు కలిపి 2016లో ఒక విశ్లేషణ వచ్చింది. వాళ్లలో సుమారు 85 శాతం మందికి ఏహెచ్‌ఐ సగానికి సగం తగ్గి 20 లోపుకి దిగింది. 5 లోపుకి దిగినవాళ్లు మాత్రం 40 శాతం కూడా లేరు. రోగికి ఈ రెండు అంకెలూ చెప్పు. మొదటిది మాత్రమే చెప్పి ఊరుకోకు. కింది పెదవి, గడ్డం మొద్దుబారవచ్చనీ, కొందరికి అది ఎప్పటికీ పూర్తిగా పోదనీ చెప్పు. నిద్రలో గాలిని ఒత్తిడితో పంపి దారి తెరిచి ఉంచే సీప్యాప్ యంత్రం సరిపడే మనిషిని కత్తి దగ్గరికి తొందరపెట్టకు.

ఇక నువ్వు చూసిన ఆపరేషన్. అది గుంజని లోపలికి జరపడం. నాలుక అంతే ఉంటుంది, దాని ఇల్లు చిన్నదవుతుంది. చాలామంది కుర్రాళ్లు సర్దుకుంటారు, నిజమే. అందరూ సర్దుకోరు. ఇలా దవడ వెనక్కి జరిపాక ఆప్నియా వచ్చిన ఇద్దరి సంగతి స్టాన్‌ఫర్డ్ వైద్యులు 1987లోనే రాశారు.

నేను అది చదవకముందే ఒకతనికి పెళ్లికి ముందు దవడ వెనక్కి జరిపాను. మెడికల్ రెప్, రోజంతా బండి మీద తిరిగే మనిషి. మూడేళ్లకి అతని భార్య వచ్చింది. “నిద్రలో ఊపిరి ఆగిపోతోందండీ, భుజం పట్టి కుదిపితేగానీ మళ్లీ తియ్యడు” అంది. సిగ్నల్ దగ్గర బండి మీదే కునుకు తీశాడట. స్లీప్ స్టడీలో ఏహెచ్‌ఐ 34. ఈలోపు అతను ఒళ్లు చేశాడు కూడా. అందులో బరువు వాటా ఎంత, నా కత్తి వాటా ఎంత? చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆపరేషన్‌కి ముందు గురక ఉందా అని నేను అడగలేదు, కేసు షీటులో రాయలేదు. అతను ఇప్పటికీ యంత్రం పెట్టుకునే పడుకుంటాడు. ఊరెళ్తే సంచిలో పెట్టుకుని వెళ్తాడు.

అప్పట్నుంచీ కేసు షీటులో నిద్రకి ఒక పేజీ ఉంచుతున్నాను. గురక, పగటి కునుకు, బీపీ, మెడ చుట్టుకొలత రాస్తాను. రోగినే కాదు, పక్కన పడుకునే మనిషినీ అడుగుతాను. అనుమానముంటే ముందు స్లీప్ స్టడీ. మెలకువలో తీసిన స్కాన్‌లో దారి విశాలంగా కనిపించిందని నిశ్చింతపడకు. కింది దవడని ఎక్కువగా వెనక్కి జరపాల్సొస్తే, పై దవడని కొంత ముందుకు తెచ్చి ఆ దూరం పంచుకోవచ్చేమో మీ ప్రొఫెసర్‌ గారిని అడుగు. అలా అడగటం తప్పు కాదు.

చిన్నప్పుడు గడ్డం మీద పడి, దవడ కీలు అతుక్కుపోయిన పిల్లలు మీ వార్డుకి వస్తారు. కింది దవడ ఎదగక, రాత్రిళ్లు కూర్చునే నిద్రపోయే పిల్లలు. ఎముకని కోసి, రోజుకి 1 మిల్లీమీటరు చొప్పున మరతో సాగదీస్తుంటే ఆ పిల్లలు మెల్లగా పడుకుని నిద్రపోవడం చూస్తావు. ఆ రాత్రి డ్యూటీ వదులుకోకు.

మీ కుర్రాడికి ఇంకా వాపు ఉండి ఉంటుంది, ముక్కు కూడా దిబ్బడగా ఉంటుంది. తలవైపు మంచం ఎత్తి పెట్టించు. నిద్రమాత్రలు, మత్తిచ్చే నొప్పిమందులు ఎవరైనా రాశారేమో చూడు. రాత్రి అతను ఎలా పడుకున్నాడో వాళ్లమ్మని అడిగి, ఆవిడ చెప్పింది చెప్పినట్టు నాకు రాయి.

మీ మావయ్య