డచ్చి రాళ్ళ దగ్గర కాసేపు ఆగు

భీమిలి

చిరంజీవి చిన్నికి,

కౌలాలంపూర్‌లో ఉద్యోగం కుదుటపడిందని, వచ్చే ఆదివారం మలక్కా చూసి రావాలనుకుంటున్నావని మీ నాన్న చెప్పాడు. నువ్వు రాసుకున్న జాబితా కూడా చూపించాడు. ఒక్కరోజులో పద్నాలుగు చోట్లు! నవ్వొచ్చింది. ఆ తప్పు నేనూ చేసినవాణ్ణే గనక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఎనిమిదేళ్ళ కిందట నేనూ మీ పెద్దమ్మా ఒక టూరు బృందంతో వెళ్ళాం. మిట్టమధ్యాహ్నం సెయింట్ పాల్ కొండ ఎక్కించారు. మన పావురాళ్ళకొండలో సగం కూడా ఉండదది. కానీ ఆ ఎండకీ ఉక్కకీ పెద్దమ్మకి కళ్ళు తిరిగాయి. గోడ నీడన కూర్చోబెట్టి మంచినీళ్ళు తాగించి, నేనూ పక్కనే చతికిలబడ్డాను. మిగతావాళ్ళు ఫొటోలు దిగి ముందుకెళ్ళిపోయారు. తలచుకుంటే, ఆ ఊళ్ళో నేను నిజంగా చూసింది ఆ అరగంటలోనే.

పైన కప్పులేని పాత చర్చి ఉంది. 1521లో పోర్చుగీసువాళ్ళు, అదే మన పెద్దవాళ్ళ మాటలో బుడతకీచులు, మొదలుపెట్టిన కట్టడం. 1641లో డచ్చివాళ్ళు ఊరు పట్టుకున్నారు. 1753లో కొండ కింద తమ చర్చి కట్టుకున్నాక దీన్ని సమాధుల చోటుగా వాడుకున్నారు. పెద్దపెద్ద రాతిపలకలు గోడలకి చేరేసి నిలబెట్టి ఉంటాయి. నా భుజం పక్కనే ఒకటి. పైన ఏదో వంశచిహ్నం, కింద వంకీలు తిరిగిన అక్షరాలు. వేలితో తడిమాను. ఎక్కడో చూసినట్టుందే అనిపించింది. చూడ్డమేమిటి, చిన్నప్పుడు ఇలాంటి రాళ్ళ మధ్యే గోళీలాడాను! మన భీమిలిలోని డచ్చి సమాధులు.

ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేస్తే సంగతి తెలిసింది. 1824 మార్చి 17న లండన్‌లో ఇంగ్లీషువాళ్ళూ డచ్చివాళ్ళూ ఒక ఒప్పందం రాసుకున్నారు. సుమత్రాలోని బెంకూలెన్ డచ్చివాళ్ళకి, మలక్కాతోపాటు మన దేశంలోని డచ్చి స్థావరాలన్నీ ఇంగ్లీషువాళ్ళకి. భీమిలి కూడా ఆ మూటలోదే. ఒక్క కాగితంతో రెండు ఊళ్ళూ చేతులు మారాయి. ఇక్కడివాళ్ళనీ అడగలేదు, అక్కడివాళ్ళనీ అడగలేదు.

అందుకని, ఏలినవాళ్ళ కట్టడాలు పొద్దున్నే చూసెయ్. ఏడింటికల్లా బస్సెక్కితే రెండు గంటల్లో అక్కడుంటావు. ముందు కొండ ఎక్కు, ఎండ ముదరకముందే. దిగాక కోటగుమ్మం. 1511లో ఊరు గెలిచిన బుడతకీచులు కట్టిన కోటది. ఒప్పందానికి ముందే కొన్నాళ్ళు ఊరు తమ చేతిలో ఉన్నప్పుడు, మళ్ళీ డచ్చివాళ్ళ చేతికి పోతే తమ మీదకే వస్తుందని ఇంగ్లీషువాళ్ళు 1807లో దాన్ని పడగొట్టించడం మొదలుపెట్టారు. గుమ్మం మీద మాత్రం 1670 అని ఉంటుంది, అది డచ్చివాళ్ళు బాగుచేయించుకున్నప్పటి ఏడాది. కట్టిందొకరు, తేదీ వేసుకుంది ఇంకొకరు, కూల్చింది మరొకరు. ఎర్రభవనాల చౌకులో పెళ్ళి ఊరేగింపులా అలంకరించిన సైకిల్ రిక్షాలు పాటలు మోగిస్తూ పిలుస్తాయి. ఎక్కాలనిపిస్తే ఎక్కు, బేరం మాత్రం ముందే తేల్చుకో.

తర్వాత నది దాటు. అక్కణ్ణించి నెమ్మదిగా నడు. ఊళ్ళో బతికినవాళ్ళ వీధులవి. 1748లో మొదట కట్టిన కంపుంగ్ క్లింగ్ మసీదు, 1781 నాటి వినాయకుడి గుడి, చీనావాళ్ళ చెంగ్ హూన్ తెంగ్ గుడి, మూడూ నాలుగడుగుల దూరంలోనే. మసీదుకి గుమ్మటం ఉండదు, అంచెలంచెల పెంకుకప్పు. మినారు చూస్తే చీనా పగోడాలా ఉంటుంది. ఆ వినాయకుణ్ణి కొలిచే మలక్కా చెట్టిలు ఎప్పుడో మన దేశం నుంచి వెళ్ళిన వర్తకుల సంతతి, కానీ ఇంట్లో మాట్లాడేది మలయ్. భుజాలు కప్పే బట్టలు వేసుకో, గుళ్ళో ఎవరినైనా ఫొటో తీసేముందు అడుగు.

ఆ మసీదు పేరులోని 'క్లింగ్' మన కళింగమే. ఈ తీరం నుంచి బట్టల మూటలతో వెళ్ళిన వర్తకులకి అక్కడ పడిన పేరు. రానురాను తెలుగు, తమిళం అనే తేడా లేకుండా అందరికీ అంటగట్టారు. ఇవాళ మనిషినలా పిలిస్తే తిట్టినట్టు. కాబట్టి ఆ మాట మసీదు పేరు వరకే ఉంచుకో.

మధ్యాహ్నం చెండోల్ తిను. తురిమిన ఐసు, కొబ్బరిపాలు, జంతిక ముక్కల్లా పచ్చటి బియ్యప్పిండి తీగలు, పైన నల్లగా కారే బెల్లంపాకం. ఆ బెల్లం పేరే గులా మలక్కా. కొబ్బరిచెట్టు నీరాతో కాస్తారు. పెద్దమ్మ ఒక చెంచా నోట్లో పెట్టుకుని "మన తాటిబెల్లం చెల్లెలండీ ఇది" అంది, అంతవరకూ ఉన్న నీరసం మరిచిపోయి. సాయంత్రం జోంకర్ వీధి అంగళ్ళు చూసుకో, ఆఖరి బస్సు వేళ మాత్రం ముందే కనుక్కో.

జాబితాలో పది మిగిలిపోతే పోనీ. కొండమీద మాత్రం ఏదో ఒక రాయి దగ్గర కూర్చుని దానిమీది ఏడాది రాసుకురా. సంక్రాంతికి వచ్చినప్పుడు మన సమాధుల దగ్గరకి వెళ్దాం. ఇక్కడే పుట్టి పెరిగి, ఒక్కదాని మీది తేదీ కూడా నేనింతవరకూ చదవలేదు. ఈ కళ్ళజోడుకి ఆనవు గాని, నువ్వు చదివి చెబుదువు.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న