వాగు వరదను లెక్కించడం ఎలా?

గుండ్లకమ్మ వంటి నదులపై నీటిమట్టం కొలిచే కేంద్రాలు ఉంటాయి. మన ఊళ్ల పక్కన పారే చిన్న వాగులకు అలాంటి కొలతలు చాలావరకు ఉండవు. అందుకే వాటి వరదను సూత్రంతో అంచనా వేస్తాము. పి.జి.లో మేము నేర్చుకున్న ఒక పద్ధతిని హాస్టల్ తమ్ముళ్ల కోసం ఇక్కడ ఇస్తున్నాము.

రైవ్స్ సూత్రం (1884) మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టింది. వాగులోకి నీరు చేరే ప్రాంతాన్ని చదరపు కిలోమీటర్లలో తీసుకోవాలి. దాని ఘనమూలాన్ని వర్గం చేసి, ఒక గుణకంతో హెచ్చించాలి. తీరానికి 80 కి.మీ. లోపు ఆ గుణకం 6.8. ఒంగోలు ఆ పరిధిలోనే ఉంది.

ఉదాహరణ: వైశాల్యం 8 చ.కి.మీ. ఘనమూలం 2, దాని వర్గం 4.
6.8 × 4 = 27.2
అంటే సెకనుకు 27.2 ఘనపు మీటర్ల నీరు.

ఈ సూత్రంలో వర్షం లెక్క లేదు. అంత వరద ఎన్నేళ్లకు వస్తుందో ఇది చెప్పదు. దానికి ఏళ్ల తరబడి నమోదైన వర్షపాతం కావాలి.

'50 ఏళ్ల వరద' అంటే 50 ఏళ్లు ఆగి వచ్చేది కాదు. ఏ ఏడాదైనా అది వచ్చే అవకాశం నూటికి 2. వాగు ఒడ్డున 30 ఏళ్లు కాపురముండే కుటుంబం దాన్ని ఒక్కసారైనా చూసే అవకాశం నూటికి సుమారు 45.

మనలో చాలామందికి ఇంటి స్థలం దొరికేది వాగు పక్కనే. పట్టా చేతికిచ్చేటప్పుడు, "ఈ వాగుకు ఎన్నేళ్ల వరద లెక్క కట్టారు?" అని అడుగుదాం.