అవ్వ ఇంట్లో ఉలి పట్టే ముందు

కర్నూలు

చిరంజీవి అల్లునికి,

ప్రొద్దుటూరులో ఒంటరిగా ఉండే అవ్వ ఇంటిని ఆమెకు అనువుగా మార్చే పని ఒప్పుకున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఉలి పట్టే ముందు ఒక పూటంతా అక్కడే కూర్చో. మంచం మీంచి లేచేటప్పుడు ఆమె దేన్ని పట్టుకుంటుంది, బిందె ఎక్కడ దించుతుంది, రాత్రిపూట స్నానాల జాలాడికి ఏ దారిన పోతుంది, అన్నీ చూడు. రోజూ చెయ్యి ఆనే చోట గోడ మాసి ఉంటుంది. పట్టుకోవడానికి కమ్మీ పెట్టాల్సింది అక్కడే.

మన ఎర్రగుంట్ల నల్లబండలు, బేతంచెర్ల బండలు తరాలపాటు నిలుస్తాయి. కానీ పాలిష్ బండ మీద సబ్బునీళ్లు పడితే పడుచుకాలు కూడా నిలవదు. వాటిని పెరికెయ్యక్కర్లేదు. తిరగలికి కక్కు కొట్టినట్టు జాలాడి బండలకు సన్నగా గంట్లు పెట్టు, చాలు.

కమ్మీ ఒకటిన్నర అంగుళం లావుండాలి. గోడకూ దానికీ మధ్య రెండంగుళాల సందు వదులు. పాత మిద్దెల్లో మట్టితో కట్టిన రాతిగోడ మేకును పట్టదు, మనిషి బరువు పడగానే ఊడొస్తుంది. అలాంటిచోట కమ్మీ కాళ్లను నేలలో కాంక్రీటు పోసి పాతు. గట్టిపడ్డాక నీ బరువంతా వేసి వేలాడి చూడు.

జాలాడి తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునేదైతే, పడిపోయిన మనిషే తలుపుకు అడ్డమవుతుంది, సాయానికి వచ్చినవాళ్లు బయటే నిలబడాల్సివస్తుంది.

వీధిలోంచి అరుగు ఎక్కడానికి వేసే వాలుబండకు లెక్క, అంగుళం ఎత్తుకు 12 అంగుళాల పొడవు. అడుగున్నర అరుగుకు 18 అడుగులు కావాలి. వీధిలో అంత చోటు లేకుంటే ఆరంగుళాలకు మించని మెట్లు కట్టి పక్కన కమ్మీ వెయ్యి. పసుపు పూసే తలవాకిలి గడపను మాత్రం కదిలించొద్దు. దానికి రెండువైపులా చెక్కతో వాలు చెయ్యి.

చేతికర్రకు ఇబ్బందైతే రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది. 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. పేద వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, వీల్‌చైర్లు ఉచితంగా ఇస్తారు. పెద్దల సహాయానికి 14567 నంబరు కూడా ఆమెకు కనబడేలా గోడ మీద పెద్దగా రాయి.

ఒక్కమాట గుర్తుపెట్టుకో. ఆమె పని ఆమె చేసుకోవడానికే ఈ మార్పులన్నీ. నీళ్లు, పొయ్యి, ఉప్పుడబ్బా వంగకుండా, ఎగబాకకుండా చేతికందాలి. ఆ పనులు ఆమె చేతిలోంచి లాక్కునే సౌకర్యం మనకొద్దు.

అంతా అయినాక ఆమెను ఇల్లంతా నడవమను. నువ్వు చెయ్యి ఇవ్వకుండా వెనకాలే ఉండు. ఎక్కడ తడబడితే అక్కడ మళ్లీ ఉలి పట్టు. కూలి ఆ తర్వాతే తీసుకో.

ఆశీస్సులతో,
మీ మామ