దోమలను తరిమే యంత్రాలు నిజంగా పని చేస్తాయా?



మేము ఈ హాస్టల్లో తొమ్మిదో తరగతి చదివే రోజుల్లో జరిగిన సంగతితో ఈ పాఠం మొదలుపెడతాము. అది వానాకాలం. సంతలో ఒకాయన ప్లగ్గులో పెట్టే చిన్న డబ్బా అమ్ముతున్నాడు. "మందు లేదు, పొగ లేదు. చెవికి వినపడని శబ్దం వస్తుంది. దోమలు, ఎలుకలు, బొద్దింకలు అన్నీ పరారు" అన్నాడు. సబ్బుకూ నూనెకూ ఇచ్చే కాస్మెటిక్ ఛార్జీల్లోంచి తలా కొంత వేసుకుని ఒకటి కొన్నాము. నీలం లైటు వెలగగానే మాకు ధైర్యం వచ్చింది. దోమతెరలు మడిచి ట్రంకు పెట్టెల్లో పెట్టేశాము.

నెల తిరిగేలోపే మాలో ఒకనికి చలిజ్వరం పట్టుకుంది. రక్తపరీక్షలో మలేరియా అని తేలింది. వాడు పరీక్షలు రాయలేకపోయాడు. వాళ్ళ నాన్న కూలి మానుకుని వారం రోజులు ఆస్పత్రిలో కూర్చున్నాడు. వాడిని కుట్టిన దోమ మా గదిలోదో కాదో ఎవరూ చెప్పలేరు. కానీ తెరలు విప్పింది మాత్రం మేమే.

అమ్మేవారు చెప్పే మాట:

మనిషి చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు పౌనఃపున్యం గల ధ్వనులను వింటుంది. అంతకు మించినవి అతిధ్వనులు. గబ్బిలాలు వేటాడేది వీటితోనే. యంత్రం శబ్దం వింటే గబ్బిలం వచ్చిందని దోమ పారిపోతుందట. లేదా, అది మగదోమ రెక్కల చప్పుడులా ఉంటుంది కనుక గుడ్లు పెట్టబోయే ఆడదోమ దూరంగా పోతుందట.

కుట్టేది ఆడదోమే అన్నది నిజం. గుడ్లు తయారు కావడానికి దానికి రక్తం కావాలి. కానీ దోమ రెక్కల చప్పుడు మనకు వినపడుతుంది కదా! అది కొన్ని వందల హెర్ట్జ్ మాత్రమే. మరి వినపడని శబ్దం దానిలా ఎలా ఉంటుంది? పైగా దోమ మనల్ని వెతుక్కునేది మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను, ఒంటి వేడిని, చెమట వాసనను బట్టి.

మేము చేసిన ప్రయోగం:

"నమ్మడమూ వద్దు, తిట్టడమూ వద్దు, లెక్కపెట్టండి" అన్నారు మా సైన్సు సారు. ఒక రాత్రి యంత్రం వేసి, ఒక రాత్రి ఆపి, ఆరు రాత్రులు చూశాము. తెరలు మళ్ళీ కట్టుకునే పడుకున్నాము. తెల్లవారి గోడల మీద వాలిన దోమలను లెక్కపెట్టాము. చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఒక్క గది, ఆరు రాత్రులు పెద్ద రుజువేమీ కాదు. పెద్ద రుజువు వేరే ఉంది. 2007లో కాక్రేన్ సమీక్ష ఒకటి ఇలాంటి 10 క్షేత్ర పరిశోధనలను పరిశీలించింది. యంత్రం ఉన్నప్పుడు, లేనప్పుడు మనుషుల ఒంటిమీద వాలిన దోమలను వాటిలో లెక్కించారు. పదింటిలో ఒక్కదానిలోనూ యంత్రం వల్ల దోమలు తగ్గలేదు. అంతకు ముందే 2001లో అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఇలాంటి యంత్రాలు చేసేవారిని, అమ్మేవారిని 60 మందికి పైగా హెచ్చరించింది. శాస్త్రీయ ఆధారం లేకుండా ప్రచారం చేయవద్దని చెప్పింది.

ఎలుకల సంగతి కొంచెం వేరు. వాటికి అతిధ్వనులు వినపడతాయి. మొదట్లో బెదరవచ్చు. కానీ కొద్ది రోజులకే అలవాటు పడతాయి. ఆ శబ్దం గోడనూ బియ్యం బస్తానూ దాటిపోదు కూడా.

దోమల బ్యాటును వీటితో కలపకండి. అది కరెంటుతో దోమను చంపుతుంది. కాకపోతే మనం నిద్రపోతే అదీ నిద్రపోతుంది.

మరి ఏం చేయాలి?

దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ కనుగొన్నది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న. ఆ అనాఫిలిస్ దోమ రాత్రిపూట కుడుతుంది. కనుక తెర కట్టుకుని, అంచులు పరుపు కిందికి దోపుకోవాలి. మందు పట్టించిన తెరలు మలేరియా కేసులను దాదాపు సగానికి తగ్గించాయని పరిశోధనల్లో తేలింది.

డెంగీ, చికున్‌గున్యా తెచ్చే ఏడిస్ దోమ పగలు కుడుతుంది. నిల్వ ఉన్న మంచినీటిలో పెరుగుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే వారానికొకసారి డ్రమ్ములు, తొట్లు ఖాళీ చేసి, రుద్ది, ఆరబెట్టాలి. పాత టైర్లు, కొబ్బరి చిప్పల్లో నీరు నిలవనీయకూడదు. వంటగది వెనక మురుగు కాలువను కదలనివ్వాలి. జ్వరం వస్తే వార్డెన్ సారుకు చెప్పి వెంటనే రక్తపరీక్ష చేయించుకోవాలి.

చివరిగా ఒక మాట. మన ఇళ్ళలో డిగ్రీ దాకా చదివిన మొదటివాళ్ళం మనమే. ఊరికి పోతే అమ్మ ఏదో ఒక డబ్బా చూపించి "ఇది కొనొచ్చా నాయనా?" అని మనల్నే అడుగుతుంది. మన జవాబు మీద ఆమె కూలి డబ్బులు ఆధారపడి ఉంటాయి. లైటు వెలిగిందా అని చూడకండి. "ఎవరు లెక్కపెట్టారు? అది లేనప్పటితో పోల్చి చూశారా?" అని అడగండి. సైన్సు పుస్తకం మనకు నేర్పేది ఆ ప్రశ్నే.