ఓడలో ఉదయపు పిలుపు

చదువవలసిన భాగములు: యోనా 1:1-6, అపొస్తలుల కార్యములు 27:27-44
కంఠస్థ వాక్యము: యెషయా 50:4

నెల్లూరు తీరమున నివసించు మనకు తెల్లవారుజామును గూర్చి ఒకరు చెప్పనక్కరలేదు. మైపాడు, జువ్వలదిన్నె, రామాయపట్నము, ఏ ఊరి ఒడ్డుకు పోయినను చీకటి విడువకముందే మనుష్యుల మాటలు వినబడును. రాత్రివేళ నేల త్వరగా చల్లబడును గనుక వేకువను గాలి నేలమీదనుండి సముద్రమువైపు వీచును. పగలు నేల వేడెక్కిన తరువాత గాలి సముద్రమునుండి ఒడ్డుకు తిరుగును. తెరచాపల కాలములో మన పెద్దలు మొదటి గాలితో పోయి, రెండవ గాలితో వచ్చెడివారు. నిద్రపోయినవానికొరకు గాలి ఆగదు. నేడు ఇంజను పడవలు వచ్చినవి గాని, వేకువను లేచు అలవాటు పోలేదు.

తీరగ్రామములోని ఒక యువజన కూడికలో ఒక తండ్రి మమ్ములనిట్లు అడిగెను: "మా వోడు నేవీలో చేరకముందు వాళ్లమ్మ పదిసార్లు పిలిచినా లేచేవోడు కాదయ్యా. ఇప్పుడు ఓడలో ఒక్క ఈలకే లేస్తా ఉండాడంట. ఆ ఈలలో ఏముందయ్యా?" అందరు నవ్విరి. మేమును నవ్వితిమి. అయితే ఆ ప్రశ్న మమ్మును విడువలేదు. ఈ నెల పాఠములో దానికి ఉత్తరము వెదకుదము.

1. ఈల

యుద్ధనౌకలలో నావికులను లేపుటకును, ఆజ్ఞలు తెలుపుటకును వాడు ఈల సామాన్యమైన ఈల కాదు. అది అరచేతిలో ఇముడు సన్నని లోహపు గొట్టము. దాని చివర చిన్న గుండు వంటి భాగమున్నది. గొట్టమును గన్ అనియు, గుండును బోయా అనియు, క్రింది పట్టీని కీల్ అనియు, గొలుసు తగిలించు కడియమును షాకిల్ అనియు పిలుతురు. ఈ పేర్లన్నియు ఓడ సామగ్రినుండి తీసికొన్నవే. వ్రేళ్లను మూయుచు తెరచుచు ఊదువాడు హెచ్చు స్వరమును తగ్గు స్వరమును పలికించును. గాలి హోరులోను, అలల మ్రోతలోను మనుష్యుని కేక వినబడకపోవచ్చును గాని ఈ సన్నని ధ్వని చీల్చుకొని పోవును. ఇంగ్లీషు ఓడలలో అనేక శతాబ్దములుగా నున్న ఈ ఆచారము మన భారత నావికాదళమునకును సంక్రమించినది. నేడు ధ్వనివర్ధకముల ద్వారా మాట ఓడ అంతటికి వినబడుచున్నను, ముందు ఈల, తరువాత మాట అను క్రమము నిలిచియున్నది.

పూర్వము నావికులు గుడ్డ ఊయలలలో పండుకొనెడివారు. ఉదయపు పిలుపు వినగానే ప్రతివాడు తన ఊయలను చుట్టి, త్రాటితో బిగించి, దాని చోట పెట్టవలెను. తెరచాప యుద్ధనౌకలలో ఆ చుట్టలను ఓడ అంచున వలలలో వరుసగా పేర్చెడివారు. యుద్ధమున అవి శత్రువుల తుపాకి గుండ్లకు అడ్డుగా నుండెడివి. రాత్రి పడకయైనది పగలు గోడయాయెను! పడకను విడువనివాడు ఆ గోడలో ఒక సందు విడిచినవాడే.

2. కావలి

ఈలకంటె ముఖ్యమైనది దానిని ఊదువాడు. అందరిని లేపువాడు అందరితో పాటు నిద్రపోయినవాడు కాడు. సముద్రముమీద ఓడ రాత్రి ఆగదు. చుక్కానియొద్ద ఒకడు, యంత్రములయొద్ద కొందరు, ముందు చూచుచు మరియొకడు మేలుకొని యుండవలసినదే. ఇందుకొరకు ఓడవారు దినమును కావలులుగా విభజించుకొనిరి. రాత్రి ఎనిమిది మొదలు అర్ధరాత్రి వరకు ఒక కావలి, అర్ధరాత్రి మొదలు నాలుగు వరకు నడిరేయి కావలి, నాలుగు మొదలు ఎనిమిది వరకు ఉదయపు కావలి. ఇట్లు నాలుగేసి గంటలు. సాయంకాలము నాలుగు మొదలు ఎనిమిది వరకు గల కాలమును మాత్రము రెండేసి గంటలుగా చేసిరి. అందువలన దినమునకు ఏడు కావలులగును. ఏడు సరిసంఖ్య కాదు గనుక, రెండు జట్లు వంతులవారీగా కాచినయెడల నేడు నడిరేయి కావలి కాచిన జట్టుకు రేపు అది రాదు. కష్టమైన వంతు ఎల్లప్పుడు ఒకరి నెత్తిననే పడకుండ చేసిన ఏర్పాటిది.

అరగంటకొకమారు గంట మ్రోగించెడివారు; నాలుగు గంటల కావలి ముగియునప్పటికి ఎనిమిది దెబ్బలు. ఆ ఎనిమిది దెబ్బలు మ్రోగువేళకు రెండవ జట్టు లేచి వచ్చి చేయి మార్చుకొనవలెను. వారు రానియెడల మొదటివారు తమ చోటు విడిచి పోరాదు. కాబట్టి ఓడలో ఒకడు ఆలస్యముగా లేచిన, ఆ ఆలస్యము మరియొకని నిద్రలోనుండి తీయబడును.

ఆ తండ్రి ప్రశ్నకు ఇదే మా ఉత్తరము. ఈలలో మంత్రమేమియు లేదు. తాను నిద్రించుచున్నంతసేపు ఎవడో మేలుకొని యున్నాడనియు, తాను లేచినప్పుడే వానికి విశ్రాంతి కలుగుననియు ఆ చిన్నవాడు ఓడలో నేర్చుకొనెను.

మన జిల్లాలో కావలి అను పేరుగల పట్టణమే యున్నది. పేరు తెలిసినంతగా పని తెలిసియున్నామా?

3. దినపు ఆజ్ఞలు

లేపిన తరువాత ఏమి చేయవలెనో చెప్పనియెడల పిలుపు సగమే. ఓడలో అధిపతి తరువాతివాడైన అధికారి మరునాటి కార్యక్రమమును ముందటి సాయంకాలమే వ్రాయించి ప్రకటించును. ఎప్పుడు లేవవలెను, ఏ దుస్తులు ధరింపవలెను, భోజనమెప్పుడు, శుభ్రపరచుట ఎప్పుడు, ఏ అభ్యాసము జరుగును, ఆ దినపు బాధ్యత ఏ అధికారిది, అన్నియు అందులో నుండును. రేవులో నున్నప్పుడు ఉదయము ఎనిమిది గంటలకు జెండా ఎగురవేయుదురు. అందరు దానివైపు తిరిగి నిలుతురు. 1968 లో తూర్పు నావికాదళ కమాండు ఏర్పడిన విశాఖపట్టణములోను క్రమమిదియే.

యెషయా 50:4 లో సేవకుడు చెప్పునది ఇదియే గదా? దేవుడు ప్రతి ఉదయమున కన్నును మాత్రమే గాక చెవినికూడ లేపునని అచ్చట చదువుచున్నాము. కన్ను తెరచినవాడు లేచినవాడు. చెవి తెరచినవాడు ఆ దినమునకు సిద్ధపడినవాడు.

4. పిలుపు చెడినప్పుడు

పిలుచువాడు మనుష్యులను మనుష్యులుగా చూడనప్పుడు పిలుపు చెడిపోవును. 1946 ఫిబ్రవరి 18 న బొంబాయిలో తల్వార్ అను నావికాదళ శిక్షణాలయమున భారతీయ నావికులు ఉదయ భోజనము ముట్టలేదు, పనికి లేవలేదు. తినరాని ఆహారము, అధికారుల దూషణ మాటలు, జాతిభేదము వారిని అందుకు నెట్టినవి. కొలది దినములలో ఆ తిరుగుబాటు అనేక ఓడలకు, తీరస్థావరములకు వ్యాపించి, వేలకొలది నావికులు అందులో చేరిరి. ఈల అదియే, గంట అదియే. పిలిచిన నోటియందు మర్యాద లేదు.

కావలివాడు లేనప్పుడును పిలుపు చెడును. 2004 డిసెంబరు 26 ఆదివారము ఉదయము ఆరున్నర ప్రాంతమున సుమత్రా యొద్ద సముద్రగర్భమున భూకంపము కలిగెను. ఆ అలలు మన తీరమునకు చేరుటకు రెండు గంటలకు పైగా పట్టెను. ఆ రెండు గంటలలో మన పల్లెలను లేపిన ఈల లేదు, ప్రకటన లేదు. మన రాష్ట్రములో నూరుమందికి పైగా మరణించిరి. వారిలో మన నెల్లూరు తీరమువారును ఉన్నారు. అటుతరువాత 2007 లో హైదరాబాదునందు సునామీ హెచ్చరిక కేంద్రము స్థాపింపబడినది. అచ్చట రాత్రింబగళ్లు కావలి కాయుచున్నారు. తుపాను వేళ కృష్ణపట్నము రేవులో ఎక్కించు ప్రమాద సూచికయు అట్టి కావలియొక్క స్వరమే. దానిని చూచియు "ఎప్పుడూ ఉండేదే" అని పడవ దింపువాడు, పిలుపు విని ప్రక్కకు తిరిగి పండుకొన్నవానితో సమానుడు.

5. ఇద్దరు ప్రయాణికులు

వేదములో ఇద్దరు ఓడ ప్రయాణికులను ప్రక్కప్రక్కన నిలువబెట్టి చూడుడి. యోనా తుపానులో ఓడ దిగువభాగమున గాఢనిద్రలో నుండెను. నావికులు సరకులు పారవేయుచు ప్రాణములకొరకు పెనుగులాడుచుండగా, దేవుని ఎరిగినవాడు నిద్రించెను. ఎరుగని ఓడనాయకుడు వచ్చి వానిని లేపవలసివచ్చెను. ఇది మనకు సిగ్గు.

పౌలు ఖైదీగా ప్రయాణించెను. పదునాలుగవ రాత్రి, నాలుగు లంగరులు వేసి, ఎప్పుడు తెల్లవారునా అని అందరు కనిపెట్టుచుండగా, తెల్లవారక మునుపే ఆయన లేచి మాటలాడెను. ఆ ఉదయపు ప్రకటనలో ఏమున్నదో గమనింపుడి. గద్దింపు లేదు, భోజనము చేయుడని బ్రతిమాలెను, ఎవరికిని హాని కలుగదని ధైర్యము చెప్పెను, అందరి యెదుట రొట్టె పట్టుకొని దేవునికి స్తోత్రము చెల్లించి తాను మొదట తినెను. ఆ ఓడలో నున్న 276 మంది ధైర్యము తెచ్చుకొనిరి. ఓడ పగిలినది గాని మనుష్యులందరు ఒడ్డు చేరిరి.

6. మన యిండ్లలో

ఇప్పుడు మన యింటికి వత్తము. మన యింటిలో నడిరేయి కావలి ఎవరిది? చీకటితో లేచి పొయ్యి వెలిగించి, భర్తకు అన్నము కట్టి, ఒడ్డుకు పోయి చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకొని సంతకు పోవు తల్లిది. రాత్రి అందరు పండుకొనిన తరువాత పండుకొనునదియు ఆమెయే. ఓడలోనైన రెండు జట్లున్నవి; ఆమెకు రెండవ జట్టు ఏది? పదిమారులు పిలిపించుకొను కుమారుడు తన సోమరితనమును తన సొంత నష్టముగా ఎంచుచున్నాడు. అది తల్లి నిద్రలోనుండి తీసినది.

ఆ కూడికలో ఇది చెప్పినప్పుడు ఆ తండ్రి మరల నవ్వలేదు. కొంతసేపటికి, "మా వోడు సెలవుకి వస్తే ముందు లేచి పొయ్యి రాజేస్తా ఉండాడయ్యా. ఎందుకో అనుకున్నా," అనెను.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మీ యింటిలో అందరికంటె ముందు లేచువారెవరు? ఆ వంతు ఎన్నడైనను మారుచున్నదా?

2. మీరు పిల్లలను లేపు మొదటి మాట పౌలు మాటవలె నున్నదా, దూషణవలె నున్నదా?

3. ఈ నెలలో ఏడు ఉదయములు మీరు ఎవరి కావలిని అందుకొందురు? ఆ పేరు వ్రాసికొని, ముందటి సాయంకాలమే వారికి తెలియజేయుడి.