సృష్టి కథలు – వాని అంతరార్థము

లోకము ఎట్లు పుట్టినది? మనుష్యుడు ఎందులకు పుట్టినాడు? ఈ ప్రశ్నలు వేసికొనని జాతి లేదు. ప్రతి జాతియు తాను నివసించు నేలను, తాను తిను అన్నమును చూచుకొని సమాధానము చెప్పుకొన్నది. అందు కొన్నింటిని పరిశీలింతము.

బాబిలోనియా వారి ‘ఎనూమా ఎలిష్’ కావ్యము ఏడు మట్టిపలకలపై వ్రాయబడినది. నీనెవె శిథిలములలో లభించిన పలకలను చదివి, జార్జి స్మిత్ అను పండితుడు 1876లో ఆ కథను ప్రకటించెను. తొలుత మంచినీరును, ఉప్పునీరును కలగలసి యుండెనట. మర్దుక్ అను దేవుడు ఉప్పునీటి దేవతయగు తియామత్‌ను వధించి, ఆమె దేహమును రెండుగా చీల్చి భూమ్యాకాశములను నిర్మించెను. ఓడిన కింగు అను దేవుని రక్తముతో మనుష్యుడు చేయబడెను. ఎందులకు? దేవతలకు చాకిరి చేయుటకు! మర్దుక్ బాబిలోను నగరాధిదేవత. సంవత్సరాది ఉత్సవములో ఈ కావ్యమును పఠించుచుండిరి. ఆ నగరపు ఆధిక్యమునకు అది దైవసాక్ష్యమైనది.

గ్వాటెమాలా దేశమందలి కిచే మాయా జాతివారి ‘పోపోల్ వూహ్’ కథ వేరు. అందు దేవతలు మొదట మట్టితో చేసిన మనుష్యులు నీట కరగిపోయిరి. పిదప చేసిన కొయ్యమనుష్యులకు మాట వచ్చెను గాని హృదయము లేదు. తమ్ము పుట్టించినవారిని తలపరైరి. కడకు వారి ఇంటి కుండలు, నూరుడురాళ్లు, కుక్కలు సైతము వారిపై తిరుగబడినవి. తెల్లని, పచ్చని మొక్కజొన్నల పిండితో చేయబడినవారే నిలిచిరి. మొక్కజొన్న ఆ జాతికి ప్రధానాహారము.

మన ఋగ్వేదము పదవ మండలములోని 129వ సూక్తము సృష్టిని ప్రశ్నించి, ప్రశ్నతోనే ముగియుచున్నది. అదే మండలములోని 90వ సూక్తము పురుషుని అవయవములతో నాలుగు వర్ణములను ముడిపెట్టినది. కాలక్రమమున దీనిని ఆధారముగా చూపి, పుట్టుకచే ఎక్కువతక్కువలను సమర్థించిరి.

విశ్వము వయస్సు సుమారు 1,380 కోట్ల సంవత్సరములనియు, భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరములనియు శాస్త్రజ్ఞులు లెక్కించిరి. బడిలో ఇది చదివిన బాలుడు ఇంట విన్న కథను అబద్ధమని త్రోసివేయవచ్చును. అతనిని గద్దింపరాదు. కాలగణనకు శాస్త్రమును, ఆ జాతి మనస్సు నెరుగుటకు కథను ఆశ్రయింపవలెనని తెలుపవలెను.

అంతటితో చాలదు. ప్రతి కథను వినునపుడు “ఇది ఎవరిని పైకెత్తుచున్నది? ఎవరిని అణచుచున్నది?” అని అడుగ నేర్పవలెను. వాడిన కుండకును, పెంచిన కుక్కకును మనము జవాబుదారులమని చెప్పు కథ ఏ దేశముదైనను మన పిల్లలకు చెప్పదగినది. పుట్టుకతోనే ఒకనిని సేవకునిగా నిర్ణయించు కథ ఎంత ప్రాచీనమైనను, విచారింపక తలయూపదగినది కాదు.